గట్టిగా అడిగిన ఆదివారం

వారానికి రెండు మూడుసార్లయినా హిందూపురం బస్టాండులో ఎవరో ఒకరు ముడి పట్టు మూట తెచ్చి నా బస్సులో వెనక సీటు కిందికి తోస్తారు. ధర్మవరం పోయే మూట. తెల్లగుడ్డలో కట్టి పైన గోనె చుట్టినా దాని వాసన ఆగదు. పట్టుచీర కట్టుకునేవాళ్లకు ఆ వాసన తెలియదు. చీర అయ్యేలోపల పట్టు సబ్బునీళ్లలో ఉడికి, రంగులో మునిగి, నీడన ఆరి దాన్ని పోగొట్టుకుంటుంది. ముడి పట్టుది మాత్రం ఉడికిన పురుగు వాసన. ప్రయాణికులు ముక్కు మూసుకుని నా మీద కేకలేస్తారు, నేను లగేజీ టిక్కెట్టు కొట్టి ఊరుకుంటాను. పద్దెనిమిదేళ్లుగా కండక్టరుగా ఇదే రోడ్డు మీద, హిందూపురం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి ధర్మవరానికి, మళ్లీ వెనక్కి తిరుగుతున్నాను. మోకాళ్లు అరిగాయి, గొంతు అరిగింది, దేనికీ పెద్దగా సంతోషించని, పెద్దగా ఏడవని వయసొచ్చింది. అయినా ఆ మూట ఎక్కిన రోజు దాన్ని దించేదాకా నేను బస్సులో ఉండను, ధర్మవరంలో మా పాత ఇంట్లో ఉంటాను.

అది కూలి మగ్గం ఇల్లు. కూలి మగ్గం అంటే మగ్గం షావుకారుది, పట్టు షావుకారుది, జరీ షావుకారుది, చివరికి మగ్గం మీద ఉన్న కప్పు కూడా షావుకారుదే. నేసే చేతులు మాత్రం మా నాయనవి. ఇంట్లోకి అడుగుపెడితే ముందుగది మొత్తం మగ్గమే, మిగిలిన సందులో మేం నలుగురం: నాయన, అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, నేను. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని తెల్లారింది మొదలు నేస్తూ కూర్చునేవాడు కాబట్టి నాయన మాకు నడుము దాకానే కనిపించేవాడు. ఆయన ఎంత పొడుగో నాకు ఆదివారాలు మాత్రమే తెలిసేది. ఎండాకాలం గాలి పొడిబారితే పోగులు పుటుక్కు పుటుక్కున తెగేవి, అమ్మ నేలంతా నీళ్లు చల్లేది, ఆ తడిమట్టి వాసనలో నేనూ వీధి పిల్లలూ మధ్యాహ్నాలు గచ్చకాయలు ఆడేవాళ్లం. వాన పడే నాలుగు రోజుల్లో గుంతలోకి చెమ్మ ఊరి మగ్గం ఆగిపోయేది. మాకు అదే పండగ, అమ్మ చెనిక్కాయలు వేయించేది, రాగి సంగటిలోకి ఊరిబిండి నూరేది, నాయన నాకు జడ వేసేవాడు. పట్టుపోగులు అతికిన వేళ్లు గనక అమ్మ కంటే ఆయనే బాగా వేసేవాడు.

నాకు తొమ్మిదేళ్లొచ్చాక నన్ను కూడా మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు అయిన చీరకు రెండు పక్కలా పోగును అటూ ఇటూ మోసే నాడెలు విసరాలి. ఎడమ అంచు నాయనది, కుడి అంచు నాది. బడికి పోయేముందు ఒక గంట, వచ్చాక రెండు గంటలు. ఆ పనిని నేను కష్టమనుకోలేదు, ఎందుకంటే మగ్గం మీద ఉన్నంతసేపూ మా నాయన కథలు చెప్పేవాడు, అమ్మను ఎగతాళి చేసేవాడు, నన్ను 'మేస్త్రీ' అని పిలిచేవాడు. అలా కూర్చున్నందుకే ఆ సంగతి అందరికంటే ముందు నాకు తెలిసింది. ఒక సాయంత్రం నాయన నెమలికంఠం రంగు పట్టు చుట్టిన కండె తీసుకోబోయి నల్లకండె తీసుకున్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మరుసటి వారం మెరూను అనుకుని కాఫీపొడి రంగు వేశాడు, నాలుగు పోగులు నేశాక నేను చెబితే విప్పాడు. తర్వాత బల్బు కిందికి దించి కట్టాడు. ఒక్కో రంగు కండెల్ని ఒక్కో డబ్బాలో పెట్టి, డబ్బాలకు గుడ్డపేలికలతో ముడులు వేశాడు: ఒక ముడి ఎరుపు, రెండు ముడులు పచ్చ. ఆ ముడులు చాలనప్పుడు నేను అటుపక్క నుంచి మెల్లగా రంగు పేరు చెప్పేదాన్ని. ఎవరైనా వింటున్నారేమోనని పాటలా చెప్పేదాన్ని.

"పాపా, ఈ సంగతి మనిద్దరికే. షావుకారుకు తెలిస్తే మగ్గం పాయె, ఇల్లు పాయె" అన్నాడు నాయన ఒకరోజు, తల ఎత్తకుండానే.

అమ్మకూ, అవ్వకూ తెలియలేదని ఇప్పుడు అనుకోను. తెలిసినా తెలియనట్టు ఉండడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే. మా చర్చిలో కూడా అంతే.

మా వీధి చివర రేకుల చర్చి ఉండేది. వచ్చేవాళ్లలో సగం మంది మగ్గాల వాళ్లు, మిగతావాళ్లు రంగులద్దేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రసంగం అయ్యాక విన్నపాల సమయం. ఎవరికి ఏం కావాలో నిలబడి చెప్పాలి, అందరూ కలిసి ప్రార్థించాలి. పేరుకే చెప్పడం, నిజానికి ఎవరూ ఏదీ చెప్పేవాళ్లు కాదు. "నా మనసులో ఒక మనవి ఉండాది, ప్రార్థన చేయండి" అని కూర్చునేవాళ్లు. మొగుడు తాగి కొట్టినా మనసులో మనవే, కూతురు అత్తగారిల్లు వదిలి వచ్చినా మనసులో మనవే. పక్కన కూర్చున్నవాడు కూడా అదే షావుకారు మగ్గం నేసేవాడైతే నోరు తెరిచి ఏం చెబుతారు? పాస్టరు అయ్యగారు ఆ మనవులన్నింటినీ మూటగట్టి దేవుడి ముందు పెట్టేవారు. ఇక మా అవ్వ ప్రార్థన వేరే. పెనుకొండ పక్కన పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, చదువు లేదు, ఆకువక్క నమలకుండా క్షణం ఉండలేదు. ప్రార్థన మొదలుపెట్టే ముందు మాత్రం నోరు పుక్కిలించి వచ్చేది. ముందు తన పాపాలు క్షమించమనేది, ఆ తర్వాత దేవుడికి పనులున్నా పిలిచినందుకు క్షమించమనేది, వరసగా వందనాలు చెప్పేది, అడగాల్సింది అడగకుండానే ఆమెన్ అని లేచేది. "ఏమడిగితివి అవ్వా?" అంటే, "ఆయనకు తెలీదా ఏమి, అడిగేకి మనమెంతటోళ్లం" అనేది.

నాకు అడగడం నేర్పింది శాంతమ్మ టీచరు. ఆమె వారమంతా మున్సిపల్ బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం మాకు సండే స్కూలు చెప్పేది. ఎండలకు ముందు ఒక ఆదివారం గుడ్డి బర్తిమయి కథ చెప్పింది. యెరికో దారి పక్కన కూర్చుని అడుక్కునే బర్తిమయి, యేసయ్య ఆ దారిన పోతున్నాడని విని కేకలు పెట్టాడు. జనం ఊరుకోమని గదిమారు. వాళ్లు గదిమేకొద్దీ వాడు ఇంకా గట్టిగా అరిచాడు. యేసయ్య ఆగి, పిలిచి, నీకేం కావాలని అడిగాడు. ఇక్కడ టీచరు చాక్‌పీసు పక్కన పెట్టి మా ముఖాల్లోకి చూసింది. "వాడు గుడ్డోడని యేసయ్యకు కనపడల్లేదా? కనపడతాంది. అయినా అడిగినాడు. ఎందుకు? నోరు తెరిచి పలానాది కావల్లని మనమే చెప్పల్ల. నాకు చూపు కావల్ల అన్నాడు వాడు. ఆ నిమిషమే చూపు వచ్చింది."

నేను మా అవ్వ పక్కన కూర్చుని అన్నేళ్లూ వినని మాట అది. ఆ నెలంతా మేం బర్తిమయి ఆట ఆడాం. ఒకరి కళ్లకు గంతలు కట్టి దుప్పటి కప్పాలి, వాడు అరవాలి, మిగతావాళ్లు ఊరుకోరా ఊరుకోరా అని మొట్టికాయలు వేయాలి, యేసయ్య అయినవాడు వచ్చి నీకేం కావాలనగానే వాడు దుప్పటి విసిరేసి కావాల్సింది చెప్పాలి. అందరూ ఐసు, ఓళిగలు, సైకిలు అని అరిచేవాళ్లు. నేను ఎప్పుడూ "చూపు" అనేదాన్ని. "నువ్వు ఆట చెడగొడతాండావు, కతలో ఉన్నది చెప్పకూడదు" అని నన్ను ఆటలోంచి తీసేసేవాళ్లు.

ఇంట్లో దుప్పటి కింద పదిహేను రోజులు అడిగాను. ఏమీ కాలేదు. గొంతు చాలలేదేమో అనుకున్నాను. బర్తిమయి జనం మధ్య అరిచాడు కదా, నేను దుప్పటి కింద గుసగుసలాడితే ఎట్లా! నాయన చెప్పొద్దన్న మాట నాకు గుర్తు లేక కాదు. బాగా గుర్తుంది. కానీ పదేళ్ల బుర్రకు ఒక లెక్క తోచింది: అడిగిన నిమిషమే చూపు వస్తుంది గదా, వచ్చాక ఎవరికి తెలిస్తే మాత్రం ఏమిటి? మేం ఇంటికి చేరేలోపల నాయన దారిలో కనబడ్డ రంగులన్నీ చెప్పేస్తాడు. ఆ లెక్కలో తప్పు యాడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి ఆదివారం వచ్చింది. ముగ్గురు నలుగురు లేచి మనసులో మనవులు చెప్పుకున్నారు. అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అన్నారు. నేను లేచాను. పిల్లలు లేవడం మా చర్చిలో లేదు, అందరూ ముసిముసిగా నవ్వారు.

"యేసయ్యా, మా నాయనకు కండ్లు కనపడల్లేదు" అన్నాను.

నవ్వులు ఆగాయి. అవ్వ నా పావడా పట్టుకుని కిందికి లాగింది. "గమ్మునుండవే" అంది పళ్ల మధ్య నుంచి. అదే జరగకుండా ఉండాల్సింది. ఆమె లాగకుండా ఉంటే నేను ఆ ఒక్క మాటతో కూర్చునేదాన్నేమో. గదిమితే గట్టిగా అరవాలని టీచరు చెప్పింది కదా. నా ఒళ్లంతా ధైర్యం వచ్చింది. "ఎర్రకండె యాదో నల్లకండె యాదో నేనే చెప్తాండా. మా నాయనకు చూపు కావల్ల, యేసయ్యా! ఇప్పుడే కావల్ల!" అని రేకులు అదిరేలా అరిచాను. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ల వైపు చూశాను. నాయన తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. శాంతమ్మ టీచరు ముఖం పాలిపోయింది. అయ్యగారు పెద్దగా ఆమెన్ అన్నారు, ఎవరూ పలకలేదు.

ఇంటికి పోయే దారిలో నేను నాయన చెయ్యి పట్టుకుని, ఎదురొచ్చిన ఒక ఆమె చీర చూపించి, "ఆ చీర ఏం రంగు నాయనా?" అని అడిగాను. ఆయన కొంచెం దూరం నడిచాక, "నువ్వే చెప్పు మేస్త్రీ" అన్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదని కూడా ఎవరూ అనలేదు.

బుధవారం పొద్దున షావుకారు గుమాస్తా వచ్చాడు. చర్చి నుంచి కొళాయికి, కొళాయి నుంచి రంగుల కొట్టానికి, అక్కడి నుంచి షావుకారు గద్దెకు మాట పోవడానికి మూడు రోజులు పట్టింది. గుమాస్తా చెడ్డవాడు కాదు, మెత్తగా మాట్లాడే మనిషి. అరచేతిలో రెండు కండెలు పెట్టి నాయన ముందు చాపాడు. "ఏమప్పా, ఈ రెండిట్లో మెరూను యాది?" నాయన ముఖం నా వైపు తిరిగింది. నా నోట్లో ఆ మాట ఉంది. కుడివైపుది, కుడివైపుది.

"పాప చెప్పకూడదు" అన్నాడు గుమాస్తా. "సరే, అది ఇడిసిపెట్టు. కనపడతాందా లేదా, ఆ ఒక్కటి చెప్పప్పా. నేను పోయి అదే చెప్తా."

నాయన గుంతలోంచి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పైకి తీశాడు. గట్టు మీద కూర్చుని మోకాళ్లు తుడుచుకున్నాడు. "కనపడల్లేదన్నా" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన ఆ మాట పైకి అనడం అదే మొదలు.

మగ్గం మీద సగం చీర ఉండిపోయింది. దాన్ని పూర్తి చేయడానికి ఖాదర్ అనే కుర్రవాణ్ణి పంపారు. మా ఇంట్లోనే, మా నాయన గుంతలోనే అతను కాళ్లు పెట్టి కూర్చున్నాడు. కుడి అంచు నాడె విసరడానికి ఇంకెవరూ లేరు, నాలుగు రోజులు నేనే విసిరాను. ఖాదర్ నన్ను రంగులు అడగాల్సిన పని లేదు. నాయన గడపలో కూర్చుని మగ్గం చప్పుడు వినేవాడు. మూడోరోజు ఉన్నట్టుండి, "పోగు తెగింది సూడప్పా" అన్నాడు. ఖాదర్ మగ్గం ఆపి వంగి చూస్తే, నిజంగానే ఒక పడుగు పోగు తెగి ఉంది. ఖాదర్ దాన్ని అతికి, లేచి వచ్చి నాయన పక్కన గడపలో కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ చీరను మగ్గం మీంచి కోసిన మరుసటి రోజు మేం ఇల్లు ఖాళీ చేసి పెనుకొండ పక్కన అవ్వ పల్లెకు వెళ్లిపోయాం.

శాంతమ్మ టీచరు అక్కడికి వెతుక్కుంటూ వచ్చింది. సెలవు పెట్టి నాయనను హిందూపురం కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండు కళ్లకూ పొర. కుడికంటికి పొర తీశారు, చూపు వచ్చింది. ఎడమకంటికి లోపల నరం చచ్చిపోయిందట, ముందే వచ్చి ఉంటే వేరే సంగతి అన్నారట డాక్టరు. కట్టు విప్పిన రోజు నాయన నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, "చిలకపచ్చ గౌను, ఎర్ర రిబ్బను" అన్నాడు. అవ్వ మోకరించి, ఆ ఒక్కసారి నోరు పుక్కిలించడం కూడా మరిచి వందనాలు చెప్పింది. వెనక్కి ధర్మవరం పోయి మళ్లీ మగ్గం అడిగితే షావుకారు, ఒంటికన్నుతో పట్టు ఏం నేస్తావులే అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగితే వాళ్లూ అదే మాట. నాయన పెనుకొండ బస్టాండు పక్కన సైకిలు పంచర్లు వేస్తూ ముప్పై ఏళ్లు బతికాడు. ట్యూబులో కంటికి కనిపించని బెజ్జం కూడా వేలితో తడిమి పట్టేవాడు. ధర్మవరం చర్చివాళ్లు నన్ను వచ్చి సాక్ష్యం చెప్పమన్నారు, చిన్నబిడ్డ ప్రార్థన విన్నాడు దేవుడు అన్నారు. నేను పోలేదు. ఆ తర్వాత ఏ చర్చిలోనూ నేను లేచి నిలబడలేదు. అడగాల్సింది వచ్చినప్పుడల్లా నా మనసులో ఒక మనవి ఉందనుకుని ఊరుకునే మనిషినయ్యాను. భయం ఒక్కటే కాదు, అడిగితే ఏది ఇచ్చి ఏది తీసుకుంటాడో అనే విసుగు కూడా.

ఆ ఆదివారం గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్కమాట అనలేదు. పోయిన ఏడు నాయనకు జబ్బు ముదిరాక, ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి పక్కన కూర్చుంటే, ఉన్నట్టుండి అడిగాడు: "ఆ పొద్దు నువ్వు చర్చిలో ఏమడిగితివి పాపా?"

"నీకు చూపు కావల్లని అడిగినా, నాయనా."

"మగ్గం గూడా ఉండల్లని అడిగింటే బాగుండు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను లేచి బయటికి పోయి, కొళాయి తిప్పి ముఖం కడుక్కుంటూ చాలాసేపు ఉన్నాను.

ఇప్పుడు ధర్మవరంలో మా వీధిలో చేతిమగ్గాలు లేవు. మేమున్న ఇంట్లో గుంతను పూడ్చి సిమెంటు పోశారు, ముందుగదిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. వెనక వీధిలో మరమగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటాయి, ఆ చప్పుడులో పోగు తెగితే మిషనే ఆగుతుందట, ఎవరూ గడపలో కూర్చుని వినాల్సిన పని లేదు. రేకుల చర్చి స్లాబు చర్చి అయింది. విన్నపాలు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు, పేరు రాయనక్కర్లేదు. శాంతమ్మ టీచరు లేదు, అవ్వ ఎప్పుడో పోయింది. బర్తిమయి ఆట ఏ వీధిలోనూ కనిపించలేదు.

మొన్న వానలకు ముందు నాయన పోయాడు. పల్లెలో, అవ్వ పక్కనే గుంత తవ్వారు. అయ్యగారు కొత్తవాడు, వయసులో చిన్నవాడు. నిత్యజీవం గురించి, మహిమ గురించి చక్కగా ప్రార్థించి, కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు ప్రార్థించండి అన్నాడు. అమ్మ నన్ను చూసింది. నేను ముప్పై అయిదేళ్లుగా నోరు తెరవని మనిషిని. కాళ్లు నొప్పులు, నిద్ర లేదు, చేతిలో మట్టి ఉంది. కళ్లు మూసుకున్నాను. మహిమ అడగడం నాకు చేతకాదు.

"యేసయ్యా, మా నాయనకు ఆడ ఒక మగ్గం కావల్ల" అన్నాను.

అయ్యగారు దగ్గాడు. చుట్టూ ఎవరూ ఆమెన్ అనలేదు. అంతలో వెనక నుంచి అమ్మ నా భుజం పట్టుకుంది. ఈసారి కూడా గమ్మునుండమని లాగుతుందేమో అనుకున్నాను.

"కూలి మగ్గం గాదు పాపా" అంది. "సొంత మగ్గమని చెప్పు."

మళ్లీ కళ్లు మూసుకుని, ఇంకా గట్టిగా, అట్లాగే చెప్పాను.